ఉదయగిరి దుర్గం ఎక్కి రాత్రి పైనే ఉండొచ్చా? దారి, నీళ్ళు, పర్మిషన్ గురించి చెప్పండి

కావలి_కుర్రోడు
మేం ఆరుగురం, అందరం పాతికేళ్ళ లోపు వాళ్ళమే. సంక్రాంతి తర్వాత వచ్చే శనివారం మన నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం ఎక్కాలని ప్లాన్. మధ్యాహ్నం కావలిలో భోంచేసి, కలిగిరి, వింజమూరు మీదుగా బైకుల మీద పోయి, సాయంత్రం నాలుగింటికి ఎక్కడం మొదలుపెడతాం. రాత్రి పైన మసీదు దగ్గర టెంటు వేసుకుని, పొద్దున సూర్యోదయం చూసి దిగిపోతాం. వీడియోలు చాలా చూశాం. అందరూ పైన నిలబడి చేతులు ఊపేవాళ్ళే గానీ దారి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తప్పుతుందో ఒక్కరూ చూపించలేదు. పైన నీళ్ళు దొరుకుతాయా? పర్మిషన్ ఎవరినైనా అడగాలా? ఇది బాగా జరిగితే తర్వాత పెంచలకోన వెనక కొండలు, ఆపైన నల్లమల. వెళ్ళొచ్చినవాళ్ళు వివరంగా చెప్పండి. "జాగ్రత్త తమ్ముడూ" అని ఒక్క ముక్క రాసి పోవద్దు.

చద్దిమూట
జాగ్రత్త తమ్ముడూ.

దుర్గం_కింద_ఇల్లు
మాది ఉదయగిరే. నాలుగింటికి మొదలుపెడితే సగం కొండ మీద ఉండగానే పొద్దు గుంకుతుంది. జనవరిలో ఆరు దాటితే బండ ఏదో, బండ పక్కన పొద ఏదో తెలియదు. మా వాళ్ళు ఎవరు ఎక్కినా తెల్లారగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా దిగేస్తారు.

పాత గెజిటీరులో ఈ కొండ ఎత్తు 3079 అడుగులని రాసి ఉంది. కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలు కలిస్తే ఒక దుర్గం. అందువల్లే దారి తప్పడం సులువు. ఒక గోడ దాటాక ఇంకో గోడ వస్తుంది, ప్రతి గోడకూ పడిపోయిన సందులు, ప్రతి సందులోంచీ మేకలు చేసిన బాట. ఆ బాటల్లో చాలావరకు ఎక్కడికీ పోవు, నిట్టనిలువు బండ అంచు మీద ఆగిపోతాయి. ఎక్కేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే పైకి పోయే ఏ బాట అయినా సరైనదే అనిపిస్తుంది. దిగేటప్పుడు తెలుస్తుంది.

బుల్లెట్_బాబు
ఇంత సీన్ లేదు బ్రో. మా బ్యాచ్ రాత్రి పైనే ఉన్నాం. పాట పెట్టుకుని, మంట వేసుకుని, చికెన్ కాల్చుకుని వచ్చాం. ఎవరూ అడగలేదు, ఏమీ కాలేదు. లైఫ్‌లో ఒకసారైనా చెయ్యాలి.

మైలురాయి
బుల్లెట్ గారూ, ఎండిన బోదగడ్డి మధ్య మంట వేశారా? జనవరి నుంచి కొండ మీద గడ్డి ఎండుగానే ఉంటుంది. గాలి ఒక్కసారి తిరిగితే మీరే పరుగెత్తాలి, పరుగెత్తడానికి అక్కడ చోటు లేదు. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడాను.

కావలి తమ్ముడికి పర్మిషన్ సంగతి. మన కొండలన్నీ ఒకే రకం కావు. కొన్ని రిజర్వు ఫారెస్టు, కొన్ని అభయారణ్యం. నేషనల్ పార్కు మన జిల్లాలో లేదు, దగ్గరలో ఉన్నది శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. అభయారణ్యంలోకి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం (27, 28 సెక్షన్లు) అనుమతి ఉండాలి. నేషనల్ పార్కులో ఇంకా గట్టిగా ఉంటుంది. పెంచలకోన వైపు కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం. గుడి దాకా అందరూ పోవచ్చు. గుడి వెనక జలపాతం దాటి పైకి పోవాలంటే అది వేరే లెక్క. దుర్గం సంగతి ఉదయగిరి ఫారెస్టు రేంజి ఆఫీసులో ముందురోజు అడిగి, పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసిచ్చి పొండి. పర్మిషన్ కోసం కాకపోయినా, మీరు రాకపోతే వెతకడానికి ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా.

బుల్లెట్_బాబు
ఊళ్ళోవాళ్ళు రోజూ కట్టెలకీ మేకలకీ పోతారు, వాళ్ళకి లేని పర్మిషన్ మనకెందుకు?

నిమ్మతోట
ఎందుకో నేను చెప్తా. మాది రాపూరు పక్క, కొండ కింద తోట. వాళ్ళ మొహాలు గార్డులకి తెలుసు, నీ మొహం తెలియదు. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది. బ్యాగు భుజాన వేసుకున్న ఆరుగురు కుర్రాళ్ళు చీకట్లో టార్చీలతో కొండ దిగితే చూసేవాడు ఏమనుకుంటాడు? ఉదయగిరి అయితే ఇంకో అనుమానం కూడా ఉంది, గుప్తనిధులు. టెంటు మేకులు కొట్టడానికి చిన్న గునపం తీసుకెళ్ళినా స్టేషన్లో కూర్చోబెట్టి అడుగుతారు.

ఇంకోటి, ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. కొండ కింద చేలల్లో అడవిపందులకి కరెంటు తీగలు పెడతారు. నేరమని తెలుసు, అయినా రాత్రిపూట పెట్టేవాళ్ళు ఉన్నారు. కంది చేను, వేరుశెనగ చేను పక్కగా తెల్లవారుజామున అడ్డదారిన పోవద్దు. బండి బాట వదలొద్దు. నా లెక్కలో చిరుత కంటే ఇదే పెద్ద ప్రమాదం.

రేగుపండు
ఆ తీగల మాట నిజం. మా పెదనాన్న వాళ్ళ ఊళ్ళో, కనిగిరి దగ్గర, పక్క చేనులో ఎద్దు పోయింది. మనిషి కాదు కాబట్టి పేపర్లో రాలేదు.

చద్దిమూట
గుప్తనిధుల కోసం పోయేవాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతా ఉంటారు. నిమ్మతోట అన్నా, టెంటు మేకులు రాయితో కొట్టమని చెప్పు, పని జరుగుతుంది.

దుర్గం_కింద_ఇల్లు
నీళ్ళ గురించి అడిగావు. పైన కోనేర్లు ఉన్నాయి. వానలు బాగా పడిన ఏడు జనవరిలో కూడా నీళ్ళు ఉంటాయి, కానీ పశువులు దిగి తాగే నీళ్ళు అవి. పాచి. మేకల కాపరులు తాగుతారు, వాళ్ళకి అలవాటు. మీరు కింది నుంచే మోయాలి. మనిషికి నాలుగు లీటర్లు.

కావలి_కుర్రోడు
నాలుగు లీటర్లా? అంటే నాలుగు కేజీలు. టెంటు, దుప్పట్లు, వంట సామాను ఎవరు మోయాలి?

దుర్గం_కింద_ఇల్లు
ఇప్పుడు అర్థమైందా రాత్రి ఎందుకు ఉండొద్దంటున్నానో.

వార్డు_డ్యూటీ
ఒంగోలులో ఆసుపత్రిలో పని చేస్తాను. రాత్రి నేల మీద పడుకునేవాళ్ళకి ఒక్క విషయం. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కాటేస్తుంది. కాటు నొప్పి పుట్టదు, వాపు ఉండదు, కొందరికి గాటు కూడా కనపడదు. పొద్దున లేచి కడుపునొప్పి అంటారు, కళ్ళు మూతలు పడుతున్నాయంటారు, రాత్రి తిన్నది పడలేదేమో అనుకుంటారు. అప్పటికే ఊపిరి తీసుకునే కండరాలు పట్టు తప్పుతుంటాయి. కొండ పైనుంచి కిందికి మోసుకొచ్చేసరికి ఎంత సేపవుతుందో మీరే లెక్క వేసుకోండి.

బండల్లో ఉండేది చిన్నపింజర. చిన్న పాము, ఎండుటాకుల రంగులోనే ఉంటుంది. రాయి పట్టుకుని పైకి ఎక్కేటప్పుడు ముందు చూసి తర్వాత చెయ్యి పెట్టాలి. కాటు పడితే గట్టిగా తాడు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకు దిగాలి. కాటు ఎన్ని గంటలకు పడిందో రాసుకోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకే మందు. పాము ఏదో తెలియకపోయినా వైద్యం ఆగదు, కాబట్టి దాన్ని చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పని లేదు. తెస్తూనే ఉంటారు. ఒకసారి ఒకాయన తెచ్చింది ఇంకా చావలేదు.

చద్దిమూట
ఆ చివరి వాక్యం తర్వాత ఏం జరిగిందో రాయకుండా వదిలేస్తే ఎలా మేడమ్.

వార్డు_డ్యూటీ
అందరం కుర్చీలెక్కాం. సెక్యూరిటీ ఆయన వచ్చి బకెట్ బోర్లించాడు. ఇక కొండల గురించి మాట్లాడుకుందాం.

పాతకాపు
కోట చూడ్డానికి పోతున్నారు కాబట్టి ఒక మాట. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ లొంగలేదు ఆ కొండ. ఏడాదిన్నర కింద కాచుకుని కూర్చున్నాడు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపికి తీసుకెళ్ళి అక్కడ గుడి కట్టించాడు. అంత సైన్యానికే ఏడాదిన్నర పట్టిన కొండని మీరు సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడేలోపు ఎక్కాలనుకుంటున్నారు. దిగాక ఊళ్ళో గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గర ఆగండి. ఉదయగిరి చెక్క చెంచాలకి జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకుకే చెందే ముద్ర) ఉంది. రెండు కొనుక్కుంటే వాళ్ళకీ నాలుగు రూపాయలు.

బుల్లెట్_బాబు
పాతకాపు తాతా, పైన మమ్మల్ని బాణాలతో కొట్టేవాళ్ళు ఎవరూ లేరు ఇప్పుడు.

పాతకాపు
తేనెటీగలున్నాయి నాయనా.

దుర్గం_కింద_ఇల్లు
తాత చెప్పింది నవ్వులాట కాదు. బండ అంచుల కింద పెద్ద తేనెపట్టులు ఉంటాయి. పొగ తగిలితే, సెంటు వాసన తగిలితే లేస్తాయి. డ్రోను ఎగరేసేవాళ్ళు ఒక్కోసారి నేరుగా వాటి ముందుకు పంపిస్తారు. మంట వేయొద్దు అనడానికి ఇదీ ఒక కారణం. లేచాయంటే తల కప్పుకుని వచ్చిన దారిన దూరంగా పోవాలి, చేతులు ఊపకూడదు. అక్కడ పరుగెత్తడానికి చోటు లేదని మైలురాయి గారు ముందే చెప్పారు. తేనెటీగలు కుట్టడమే కాదు, వాటికి భయపడి కాలుజారి పడే ప్రమాదం కూడా ఉంది.

రేగుపండు
కొండలెక్కే ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తా. పొడుగు చేతుల చొక్కా, మందం పాంటు వేసుకోండి, చున్నీ వద్దు. రేగి ముళ్ళకి చిక్కుకుంటుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా దురదగొండి కాయలు పండి ఉంటాయి. పసుపు నూగు గాలికి ఎగిరి మెడ మీద పడితే ఆ రోజు అయిపోయినట్టే. నీళ్ళతో రుద్దితే ఇంకా పాకుతుంది. ముందు ప్లాస్టరు టేపు అంటించి లాగేయాలి, తర్వాత కడుక్కోవాలి. బాత్రూము సంగతి: ఒంటరిగా పొదల చాటుకి దూరంగా పోవద్దు, ఒక అమ్మాయి కాపలా ఉండాలి. గుంపులో ఒక్క అమ్మాయే ఉంటే నేను పోను. నలుగురు తెలిసినవాళ్ళు ఉంటేనే పోతాను, ఎవరేమన్నా సరే.

మా అమ్మకి అరవై దాటాయి. భైరవకోన చూడాలని పట్టు. ఆమెను తీసుకెళ్ళొచ్చా?

మైలురాయి
భైరవకోన గుహల దాకా సులువే. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు. జలపాతం కింద మాత్రం బండలు పాచిపట్టి ఉంటాయి, పెద్దావిడ చెప్పులు విప్పి చెయ్యి పట్టుకుని నడిస్తే మంచిది. కార్తీక పౌర్ణమికి విపరీతమైన రద్దీ, మామూలు రోజు పొండి. వానాకాలంలో పోతే పైన కొండలో వాన పడుతోందేమో చూసుకోండి. కోనల్లో ప్రమాదం అక్కడే. మన తల మీద ఎండ కాస్తూ ఉంటుంది, పైన పడిన వాన వాగులో ఒక్కసారిగా వచ్చేస్తుంది. నీళ్ళు మట్టిరంగుకి మారినా, చెత్త కొట్టుకొచ్చినా, శబ్దం పెరిగినా, బ్యాగు వదిలేసి గట్టెక్కాలి.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో శేషాచలంలో పడిన వానకి శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మేలో గానీ మళ్ళీ తెరవలేదు. అది మెట్లు కట్టిన దారి. మట్టి బాట సంగతి చెప్పక్కర్లేదు.

గిద్దలూరు_బండి
నల్లమల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మాది గిద్దలూరు. దిగువమెట్ట స్టేషన్లో రైలు దిగి అడవిలోకి నడిచిపోదామని కొత్త కుర్రాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. అలా కుదరదు. ఇది పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు, రోడ్డుకే అంత కట్టడి ఉంటే కాలిబాటకి ఎంతుంటుంది? అడవి చూడాలంటే తుమ్మలబయలు దగ్గర అటవీ శాఖ జీపులున్నాయి. నడక అంటే పండగల నడక. తొలి ఏకాదశికి పాలంక వీరభద్రస్వామి తిరునాళ్ళకి అడవిలోకి వదులుతారు. శివరాత్రికి కర్నూలు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవాళ్ళు వేలల్లో ఉంటారు. అప్పుడు నీళ్ళు, వైద్య శిబిరాలు, తోటి మనుషులు, అన్నీ ఉంటాయి. నెమలిగుండం రంగనాయకస్వామిని చూడాలంటే శనివారం పోవాలి.

నిమ్మతోట
మాలకొండ కూడా శనివారమే కదా. ఇద్దరు దేవుళ్ళూ ఒకే రోజు డ్యూటీ పెట్టుకుంటే మధ్యలో మనం ఏం చేయాలి.

గిద్దలూరు_బండి
ఈ వారం ఇటు, వచ్చే వారం అటు. ఉద్యోగులకి రెండో శనివారం ఎటూ ఉంది.

కావలి_కుర్రోడు
గిద్దలూరు అన్నా, శివరాత్రికి నడిచిపోయే దారిలో మామూలు రోజుల్లో ఎందుకు పోకూడదు? బాట ఉంది కదా.

గిద్దలూరు_బండి
బాట ఉంది, మనుషులు ఉండరు. వేలమంది నడిచే వారంలో జంతువులు పక్కకి తప్పుకుంటాయి. మిగతా ఏడాదంతా ఆ బాట వాటిదే. ఎలుగుబంటి మనల్ని వెతుక్కుంటూ రాదు, మలుపులో ఎదురుపడితేనే మీద పడుతుంది. ఇప్పపూల కాలంలో, సీతాఫలాల కాలంలో పొద్దున్నే బాటల మీదే ఉంటుంది. చెంచు పెద్దలు నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ, కర్ర నేలకి కొడుతూ పోతారు. మీరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పోతారు.

వార్డు_డ్యూటీ
చిరుత గురించి కూడా చెప్పుకుందాం, సంకోచం వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకుపోయింది. మన నెల్లూరు జిల్లా బిడ్డ. వేలమంది నడిచే మెట్లదారిలో జరిగింది. ఆ తర్వాతే మధ్యాహ్నం రెండు దాటాక పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని నడకదారిలో వదలకుండా ఆపారు, గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. కాబట్టి పిల్లలు మన ముందో మన పక్కనో ఉండాలి, వెనకా కాదు, దూరంగా పరుగెత్తనూ కూడదు. సాయంత్రం వేళ అయితే మరీ.

బుల్లెట్_బాబు
సరే, మంట మాట వెనక్కి తీసుకుంటా. కానీ మీ లెక్క ప్రకారం పోతే ఎవడూ ఏ కొండా ఎక్కకూడదు. ఇంట్లో మెట్లెక్కి దిగాలి.

మైలురాయి
అలా ఎవరన్నారు? నెల్లూరు పక్కన నరసింహకొండ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. భుజాన నాలుగు లీటర్లు వేసుకుని ఎక్కి చూడండి, మీ గుంపులో ఎవరికి మోకాళ్ళు పట్టేస్తాయో అక్కడే తెలుస్తుంది. దాని తర్వాత కనిగిరి కొండ. తర్వాత దుర్గం. శేషాచలంలో నడవాలని ఉంటే ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం, పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార. ఆ ముక్కోటి (తీర్థాల పండగ) రోజుల్లో నేషనల్ పార్కు లోపలి కొండలు పర్మిషన్ గొడవ లేకుండా చూడొచ్చు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు రావద్దని టీటీడీ ముందే చెబుతుంది, దాన్ని మాత్రం పట్టించుకోండి.

ఎండాకాలం మాత్రం ఏ కొండా వద్దు. ఏప్రిల్ నుంచే పది గంటలకల్లా బండ పెనంలా కాలుతుంది. వడదెబ్బకి పర్మిషన్ అక్కర్లేదు.

దుర్గం_కింద_ఇల్లు
దారి సంగతికి వస్తా. మ్యాపు యాప్ నమ్ముకోవద్దు. అందులో గీసిన గీత ఎవరో నడిచిన గీత, వాళ్ళు సరిగ్గా నడిచారని గ్యారంటీ లేదు. మేకలు తోలేవాళ్ళలో ఒకరిని కూలి మాట్లాడుకుని వెంట తీసుకెళ్ళండి. రోజు కూలి పోతుందని బేరం ఆడొద్దు. ఎక్కేటప్పుడు ప్రతి గోడ దాటాక వెనక్కి తిరిగి ఒక ఫోటో తీయండి. అది దిగేటప్పుడు పనికొచ్చే ఫోటో, దాంట్లో మీ మొహాలు లేకపోయినా ఫర్లేదు. మధ్యాహ్నం పన్నెండు కొట్టాక ఎక్కడున్నా సరే వెనక్కి. శిఖరం పది నిమిషాల దూరంలో కనపడుతున్నా వెనక్కే.

పాతకాపు
ఆ పది నిమిషాలే ముప్పావు గంట అవుతాయి ఎప్పుడూ.

రేగుపండు
ఒక మనవి. గుళ్ళు, కోటలు సరే. కానీ పేరు లేని కోనలు, చిన్న గుండాలు ఎక్కడున్నాయో మ్యాపుతో సహా ఇక్కడ పెట్టొద్దు. మా వైపు ఒక కోన ఉండేది. ఒక రీల్ వైరల్ అయింది, రెండు ఆదివారాల్లో సీసాలు, ప్లేట్లు, బిర్యానీ పొట్లాలు. ఇప్పుడు గుండంలోకి చెప్పుల్లేకుండా దిగలేం.

మైలురాయి
ఇక్కడ ఒప్పుకోను. దారి దాచేస్తే తెలియనివాళ్ళు తప్పుదారిన పోయి దెబ్బలు తింటారు. సీసాలు వేసేవాడు ఈ థ్రెడ్ చదివి పోడు.

రేగుపండు
సీసాలు వేసేవాడు చదవడు నిజమే. కానీ చదివినవాడు వీడియో తీస్తాడు, ఆ వీడియో వాడు చూస్తాడు. ప్రమాదం ఎక్కడుందో చెప్పండి, లొకేషన్ పిన్ మాత్రం వద్దు.

నిమ్మతోట
రేగుపండు అక్క చెప్పిందే కరెక్టు. మా తోట వెనక గుండంలో లోపల బండలున్నాయి, పైకి కనపడవు. ఈత వచ్చినవాళ్ళే దూకి తల పగలగొట్టుకుంటారు. రానివాళ్ళు గట్టు మీదే కూర్చుంటారు కాబట్టి బతికిపోతారు.

వార్డు_డ్యూటీ
వచ్చాక కూడా ఒక పని ఉంది. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి, ఒళ్ళంతా చూసుకోండి. పిడుదులు చంకల్లో, నడుము దగ్గర పట్టుకుంటాయి, పట్టకారుతో మొదలంటా పట్టుకుని నిటారుగా లాగాలి. వారం, పదిరోజుల తర్వాత విడవని జ్వరం, తలనొప్పి వస్తే, ఎక్కడైనా నొప్పిలేని నల్లటి చెక్కు కట్టిన మచ్చ కనపడితే, అడవికి పోయానని డాక్టరుకి చెప్పండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లోని సన్న పురుగులు కుట్టి వచ్చే జ్వరం) కావొచ్చు. చెబితే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. చెప్పకపోతే మలేరియా, టైఫాయిడ్, డెంగీ అంటూ టెస్టుల చుట్టూ తిరుగుతారు, ఈలోపు ఊపిరితిత్తుల మీదికి పోతుంది. ఆ మచ్చ చాలావరకు బట్టల చాటునే ఉంటుంది, సిగ్గుపడి చూపించనివాళ్ళు ఉన్నారు.

చద్దిమూట
ఈ థ్రెడ్ చదివాక మా గుంపు ప్లాన్ మార్చుకుంది. కొండ కింద హోటల్లో చేపల పులుసు తిని, కొండ వైపు చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం.

దుర్గం_కింద_ఇల్లు
పులుసు కావాలంటే నెల్లూరులోనే తినొచ్చు. మా దగ్గర మటన్ తినండి. దర్గా వీధి వైపు అడగండి.

కావలి_కుర్రోడు
అందరి పోస్టులూ మా వాళ్ళకి చదివి వినిపించా. టెంటు మానేశాం. శుక్రవారం రాత్రి ఉదయగిరిలో లాడ్జి, శనివారం తెల్లారగానే ఎక్కడం. రేంజి ఆఫీసులో రాసిస్తాం. మేకల ఆయన్ని దుర్గం అన్న మాట్లాడిపెడతానన్నాడు, ఫోన్లో మాట్లాడుకున్నాం. మాలో ఒకడికి ఆస్తమా ఉంది, వాడు ఇప్పటిదాకా చెప్పలేదు, థ్రెడ్ చదువుతుంటే బయటపడింది. వాణ్ణి ఏం చేయాలి?

వార్డు_డ్యూటీ
ఇన్హేలర్ జేబులో ఉండాలి, బ్యాగులో కాదు. ఈ నెలలో ఒక్కసారైనా రాత్రి ఆయాసంతో లేచి ఉంటే రావద్దనండి. లేకపోతే అందరికంటే ముందు వాణ్ణి నడవనివ్వండి, మిగతా ఐదుగురూ వాడి నడకకి తగ్గట్టు నడవాలి. వెనక వదిలేయడం మాత్రం వద్దు.

మైలురాయి
దామిని యాప్ పెట్టుకోండి, పిడుగు సూచన చెబుతుంది. జనవరిలో పెద్దగా పనికిరాకపోవచ్చు, కానీ మీరు మళ్ళీ ఏప్రిల్, మేలో పోదామంటారు. ఎవరెంత చెప్పినా అంటారు. కోటగోడ ఎత్తైన చోట ఉరుములు వింటే దిగండి, చెట్టు కింద నిలబడొద్దు. ఇంటి దగ్గర ఒకరికి "సాయంత్రం నాలుగుకి ఫోన్ చేస్తాం, చేయకపోతే 112కి చెప్పు" అని చెప్పి పొండి. కొండ అవతలి వైపు సిగ్నల్ పోతుంది.

బుల్లెట్_బాబు
కావలి బ్రో, ఏడోవాడికి చోటుందా? నాలుగు లీటర్లు నేనే మోసుకుంటా. స్పీకర్ తేను.

కావలి_కుర్రోడు
రా బ్రో. మేకల ఆయన ఒప్పుకుంటే.

రేగుపండు
మీరంతా దుర్గం గొడవలో పడి నా ప్రశ్న సగంలో వదిలేశారు. కారు లేదు. ఒంగోలు నుంచి అమ్మని భైరవకోన ఎలా తీసుకెళ్ళాలి?

గిద్దలూరు_బండి
బస్సులో కనిగిరి, అక్కడి నుంచి పామూరు, సి.ఎస్.పురం. సి.ఎస్.పురంలో ఆటో మాట్లాడుకోండి, రానూపోనూ కలిపి, అక్కడ ఆగే సమయం కూడా ముందే చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు కోన దగ్గర వేరే ఆటో దొరుకుతుందని ఆ డ్రైవర్ని వదిలేయొద్దు. వారం మధ్యలో ఎవరూ ఉండరు.